వీపు మీద జేబు

కథలు చదవడంలో నన్ను మించినవాళ్లు ఉంటే ఉండొచ్చు గానీ, నాకింతవరకూ తారసపడలేదు. దర్జీ దుకాణం నడిపినన్నాళ్లూ నా మెషిన్ పక్కన కత్తెర ఉన్నంత నమ్మకంగా వారపత్రిక ఉండేది. ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు ఒక పేజీ, బేరమాడే మనిషి అలిసిపోయేలోపు రెండు పేజీలు. అలా చదివి చదివి రచయితల ఎత్తులన్నీ కంఠతా వచ్చేశాయి. మొదటి వారమే కథానాయిక దగ్గిందంటే ఆఖరికి పోతుందనీ, ఒకడిని మరీ మంచివాడిగా చూపిస్తున్నారంటే హంతకుడు వాడేననీ ముందే చెప్పేసి ఇంట్లో అందరి ప్రాణాలూ తీసేదాన్ని. నా బాధ పడలేక మా ఆయన పత్రిక చంకలో పెట్టుకుని మేడ మీదికి పోయి చదువుకునేవారు.

అలాంటి నన్ను ఒక పిల్ల కథ చెప్పి బోల్తా కొట్టించింది. ఆ పిల్ల రచయిత్రేం కాదు. ఆసుపత్రి కింది అంతస్తులో, బిగుసుకుపోయిన కాళ్లూ చేతులూ వంచి పెట్టే పిల్ల. ఫిజియోథెరపిస్టు అనాలట. ఆ పేరు నోరు తిరగనివాళ్లూ, తిరిగినవాళ్లూ అందరూ కలిసి సీరియల్ పిల్ల అని పేరు పెట్టేశారు. ఎందుకన్నది నాకు మొదటి రోజే తెలిసొచ్చింది.

నాకు మోకాలు మార్చారు. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. ఆ తర్వాతదంతా నేనే చెడగొట్టుకున్నాను. నొప్పిగా ఉందని మోకాలి కింద మెత్తటి దిండు పెట్టుకుని మహారాణిలా పడుకుని నవలలు చదివాను. వ్యాయామం చెయ్యండి అత్తయ్యా అని కోడలు చెవిలో జోరీగలా పోరుతుంటే, ఈ అధ్యాయం అవనీ అనేదాన్ని. అధ్యాయాలు అయిపోయాయి, దిండూ తీసేశాను, కాలు మాత్రం దిండు మీద ఉన్నట్టే ఉండిపోయింది. సర్జను చూసి పెదవి విరిచాడు.

"రెండు వారాలు చూస్తానమ్మా. కూర్చున్నప్పుడు మడమ మంచం కిందికి వెళ్లాలి. వెళ్లలేదా, మళ్లీ మత్తిచ్చి మేమే వంచేస్తాం" అన్నాడు, పుల్ల విరిచినంత తేలిగ్గా.

ఆ మాటకి నాకు ముచ్చెమటలు పోశాయి. మొదటిసారి మత్తు దిగేటప్పుడు నర్సుని పట్టుకుని, నీ యూనిఫారం ఏ చేతకానివాడు కుట్టాడు, భుజం ఎక్కేసింది అని తిట్టానట. కన్నకొడుకుని చూసి, కొలతలిచ్చి పొమ్మన్నానట. ఇంట్లోవాళ్లు ఇప్పటికీ పడీ పడీ నవ్వుతారు. నేనూ నవ్వుతాను గానీ, నేనెవరో నాకే తెలియకుండా గడిచిన ఆ పూట మళ్లీ తలుచుకోబుద్ధి కాదు. ఇంకోసారి నాకొద్దు. పైగా మడమ వెనక్కి పోకపోతే మెషిన్ తొక్కలేను. మోటారు పెట్టించుకోండి అంటుంది కోడలు. మోటారు దాని ఇష్టమొచ్చినట్టు పరిగెడుతుంది. నా కాలయితే నేను చెప్పినట్టు వినేది.

అలా భయపడుతూ, భయం కనపడకుండా అందరి మీదా విసుక్కుంటూ ఆ హాల్లోకి వెళ్లాను. గోడవారగా మంచాలు, పట్టుకుని నడవడానికి రెండు ఇనప కడ్డీలు, కప్పు నుంచి వేలాడే తాళ్లు, మూల వేడినీళ్ల తొట్టిలో నానుతున్న కాపడం సంచులు. పక్క మంచం మీద భుజం బిగుసుకుపోయిన బస్సు డ్రైవరు ఒకాయన. జుట్టుని పెన్సిలుతో ముడేసుకున్న ఒక పిల్ల చిన్న స్టూలు ఈడ్చుకుంటూ నా ముందుకొచ్చింది. మనిషి పిడికెడంత. బొటనవేళ్లు మాత్రం సుత్తులు.

"పెద్దమ్మా, మీరేం పని చేసేవారు?" అంది నా చీలమండ పట్టుకుని.

"చేసేదాన్నేమిటి? ఇప్పటికీ దర్జీనే."

"అయితే ఒక దర్జీ కథ చెప్తా వినండి. ఒక వీధిలో ఒక దర్జీ ఉంది. వానలు మొదలవుతుండగా ఒకావిడ లోపలికొచ్చి, మగవాళ్ల కోటు కుట్టాలంది. మనిషిని వెంట తీసుకురాలేదు. కొలతలన్నీ నోటితోనే చెప్పింది. ఎడమ చెయ్యి మాత్రం కుడి చేతికన్నా నాలుగు వేళ్లు పొట్టిగా పెట్టమంది. వెళ్లబోతూ గుమ్మంలో ఆగింది. ‘ఇంకొకటి. వీపు మీద, నడుముకి కాస్త పైన, ఒక జేబు పెట్టాలి’ అంది. ‘అక్కడికి వేసుకున్నాయన చెయ్యి ఎలా అందుతుందమ్మా?’ అంది దర్జీ. అప్పుడావిడ..."

ఆగిపోయింది.

"అప్పుడావిడ?"

"కాలు వంగితే చెప్తా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "తాతకు దగ్గులు నేర్పుతావుటే? గుమ్మంలో ఆపి వచ్చేవారం రమ్మనే ఎత్తు నువ్వు పుట్టకముందు నుంచీ చూస్తున్నాను. దర్జీకి దర్జీ కథా? నా దగ్గర నీ పప్పులుడకవు."

"సరే, ఉడక్కపోతే పోనీండి" అని లేవబోయింది.

"అక్కా, ఆ కాస్తా వంచెయ్యక్కా. ఆ జేబు సంగతేంటో నాకు తెలియాలి" అన్నాడు డ్రైవరు. ఆయనకీ ఒక కథ నడుస్తోందట. బస్సు ఆఖరి స్టాపు చేరినా దిగని ప్రయాణికుడి కథ. అది చాలక నా కథ మీద కూడా కన్నేశాడు.

వంచాను. కళ్ల ముందు చుక్కలు కనపడ్డాయి.

"అప్పుడావిడ నవ్వి వెళ్లిపోయింది" అంది ఆ పిల్ల, పెన్సిలు సర్దుకుంటూ.

మర్నాడు నేనే కోడలిని తొందరపెట్టాను. కథ కోసం కాదు, ఆ పిల్ల ఎత్తులన్నీ పట్టుకుని మొహం మీద చెప్పేద్దామని. పట్టుకున్నాను కూడా. కాపడం పెట్టి కాలు చాపినప్పుడు దాని వాక్యాలు తీరిగ్గా, పొడుగ్గా సాగేవి. వంచే వేళకి పొట్టివయిపోయేవి. ‘తలుపు తీసింది. కోటు లేదు. మేకు ఖాళీ.’ నా ఊపిరి కూడా వాటితోపాటే ముక్కలు ముక్కలుగా వచ్చేది. నొప్పికి ఒళ్లు బిగదీసుకునే తీరిక ఉండేది కాదు. బాగా గట్టిగా నొక్కబోయే ముందు ఏదో ఒక జోకు తప్పకుండా పడేది. దర్జీ మొగుడు కొలిచే టేపుతో నడుముకి పంచె బిగించుకున్నాడని నేను పగలబడి నవ్వుతుంటే, ఆ నవ్వుకి తొడ వదులయిన క్షణాన మోకాలు కాస్త లోపలికి పోయేది. నవ్వించి కొట్టడం అంటే ఇదే. నవలల్లో ఎన్నోసార్లు ఈ దెబ్బ తిన్నాను గానీ, తగిలిన చోటు ఇలా వేలితో చూపించగలిగింది మొదటిసారి.

ఇంకొకటుంది. కోటు కుట్టమన్నావిడ మొహం ఎలా ఉంటుందో అది ఒక్కసారీ చెప్పలేదు. చేతులు మాత్రమే చెప్పేది. గోళ్లు పొట్టిగా కత్తిరించుకున్న చేతులు, కుడి మణికట్టు కాస్త వాచిన చేతులు. తడిసిన ఉన్నిబట్ట మీద ఇస్త్రీపెట్టె పెడితే వచ్చే వాసన చెప్పేది. అంత నిజమైన వాసన పీల్చాక, మిగతాది అబద్ధమని ఎవరికి తోస్తుంది?

"ఆ చేతులు చెప్పి మొహం దాచడం కూడా ఎత్తే" అన్నాను.

"ఎత్తే పెద్దమ్మా" అంది నిక్షేపంలా. "మొహం నేను చెప్తే అది నా మొహమే అవుతుంది. చెప్పకపోతే మీకు తెలిసినావిడ ఎవరో వచ్చి నిలబడుతుంది. వచ్చిందా లేదా?"

వచ్చింది. ఆ మాట దానికి చెప్పలేదు.

అన్నీ తెలిసి కూడా ఎలా పడిపోయేదాన్నని కోడలు అడిగింది. గాలం చూసిన చేప ఎరని చూడదా ఏం? ఒక రోజయితే కథ మధ్యలో, "కోటుకి లైనింగ్ వేసేసి, అప్పుడు జేబులు కొయ్యడం మొదలుపెట్టింది" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. లైనింగ్ వేసేశాక జేబు కోస్తే లోపలి గుడ్డ కూడా తెగదూ? "బుద్ధుందా నీకు? ముందు జేబు, ఆ తర్వాతే లైనింగ్! ఎవరే నీకు చెప్పింది?" అని నేను అరుస్తుంటే, అరుపు పూర్తయ్యేసరికి మోకాలు ముందు రోజు కన్నా లోపల ఉంది.

"కావాలనే తప్పు చెప్పావు కదూ?"

"లేదు పెద్దమ్మా, ఒట్టు. నాకు సూదిలో దారం ఎక్కించడమే రాదు" అని నా కన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది. ఆ రోజు నుంచి కుట్టుపనికి సంబంధించి నోరెత్తే ముందు నా వైపు ఒకసారి చూసేది.

ఈ విద్య ఎక్కడ అబ్బిందే అని కాపడం పెట్టుకున్నప్పుడు అడిగితే చెప్పింది. వాళ్లమ్మ లాండ్రీలో షిఫ్టులు చేసేదట. ఇద్దరు తమ్ముళ్లకి అన్నం పెట్టడం ఈ పిల్ల వంతు. పెద్దాడు నోరు తెరవడు, చిన్నాడు తెరిస్తే మూయడు. ముద్ద మింగితే గుర్రం కదులుతుంది, మింగకపోతే రాజు అడవిలోనే నిలబడిపోతాడని చెప్పి కంచం ఖాళీ చేయించేదట. కాలేజీలో చదువు పూర్తయి ఇక్కడ చేరిన కొత్తలో, నొప్పికి ఏడుస్తున్న ఒక ముసలాయన్ని చూసి చెయ్యాడక, తమ్ముళ్లకి చెప్పినట్టే రాజుని అడవిలో నిలబెట్టిందట. ఆయన మోచెయ్యి వంచాడు. ఇంక అంతే. మధ్యాహ్నం నిలబడి రెండు ముద్దలు తింటూ కూడా తర్వాతి మంచం వాళ్లకి ఏం చెప్పాలా అని గొణుక్కుంటూ ఉంటుంది. జీతం మాత్రం కాళ్లూ చేతులూ వంచినందుకే. ఒకసారి ధైర్యం చేసి ఒక పత్రికకి కథ పంపితే, చాలా బావుంది, మిగతా సగం పంపండి అని అడిగారట. అది చెప్పి తనే నవ్వింది. ఆ నవ్వులో ఏదో ఉందని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. ఎత్తులు పట్టుకునే సంబరంలో పట్టించుకోలేదు.

గడువు ఆఖరికొచ్చింది. మర్నాడు సర్జను చూస్తాడు. మోకాలు చాలావరకూ వచ్చింది గానీ, మడమ మంచం అంచుకి తిన్నగా వచ్చి ఆగిపోతోంది. ఆ కాస్తా మొండికేసింది. ప్లాస్టిక్ కొలబద్ద పెట్టి చూసి ఆ పిల్ల దాన్ని గబుక్కున వెనక్కి దాచేసింది. ఆ దాచెయ్యడమే నన్ను భయపెట్టింది.

భయం వేస్తే నాకు కోపం వస్తుంది. "ఇదిగో, ఇవాళ ముందు జేబు సంగతి తేల్చు. ఆ తర్వాతే కాలు" అన్నాను.

"ఇవాళ దర్జీ కోటు పట్టుకుని వాళ్లింటికి బయల్దేరింది..."

"బయల్దేరొద్దు. జేబు ఎందుకు?"

"దారిలో వాన..."

"వానా వద్దు, వంగడమూ వద్దు. జేబు ఎందుకు?"

అది నా కాలు వదిలేసింది. మొహం పాలిపోయింది. నాకు అర్థమయిపోయింది.

"నీకు తెలీదు కదూ?"

"తెలీదు పెద్దమ్మా" అంది చిన్నగా. "ఎవరూ ఇంతదూరం రాలేదు. అందరికీ ముందే వంగిపోతుంది, ఇంటికెళ్లిపోతారు. మా తమ్ముళ్లు కూడా కడుపు నిండగానే పడుకునేవాళ్లు. నేనెప్పుడూ ఏ కథా ముగించలేదు. నాకు రాదు."

పక్క మంచం కిర్రుమంది. డ్రైవరు లేచి కూర్చున్నాడు. "మరి నా బస్సులో దిగని ఆయన?"

"ఆయనెవరో నాకూ తెలీదు సార్."

"అన్యాయం మేడమ్! రాత్రిళ్లు నిద్రపట్టక చస్తున్నా!" అని రెండు చేతులూ పైకెత్తాడు. బిగుసుకుపోయిన భుజం కూడా లేచింది. అప్పటికి అది ఎవరూ గమనించలేదు, ఆయనతో సహా.

నేను దాన్ని తిడదామనే నోరు తెరిచాను. దర్జీ దగ్గరికొచ్చి కోటడిగితే సగం కుట్టి ఇస్తామా? కానీ దాని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "కథ పోతే పోయింది, రేపు మిమ్మల్ని లోపలికి తీసుకెళ్తారు పెద్దమ్మా. నా వల్లే" అంటోంది. దిండు పెట్టుకుని పడుకున్నది నేనయితే తప్పు దాని మీద వేసుకుంటోంది, పిచ్చిది. నా కోపం ఎటు పోయిందో తెలీదు. తిట్టు బదులు వేరే మాట వచ్చింది.

"చెయ్యి పొట్టి ఎందుకో నాకు మొదటి రోజే తెలుసు" అన్నాను.

అది తలెత్తింది.

"మా ఆయనకి పక్షవాతం వచ్చాక ఎడమ చెయ్యి ఛాతీకి ముడుచుకుపోయింది. ఎంత చాపినా రాదు. మామూలు చొక్కా వేస్తే ఆ చెయ్యి గుడ్డ వేలాడుతుంటుంది. అందుకని ఒక చెయ్యి పొట్టిగా కుట్టేదాన్ని. నువ్వు నాలుగు వేళ్లు అనగానే నా గుండె ఆగినంత పనయింది. ఆవిడ ఎవరనుకున్నావు? నేనే."

"అయ్యో పెద్దమ్మా, నేను ఏదో నోటికొచ్చింది..."

"తెలుసు. నువ్వు ఖాళీ వదిలావు, నేను నా ఇంట్లోంచి మనిషిని తెచ్చి నిలబెట్టుకున్నాను. కాలు పట్టుకో. పట్టుకుంటేనే చెప్తాను."

పట్టుకుంది.

"ఆయనకి సాయంత్రం వీధి చివరిదాకా నడవాలి. ఒంటరిగా నడవలేరు. నేను మోచెయ్యి పట్టుకుంటే విదిలించేవారు. నలుగురూ చూస్తే నామోషీ. చొక్కా అంచు పట్టుకుంటే, పిల్లాడిననుకున్నావా అని కసిరేవారు. ఆయన పరువు నిలవాలి, మనిషి పడిపోకూడదు. అలాంటి మనిషి పక్కన నడవాలంటే చెయ్యి ఎక్కడ పెట్టాలి?"

దాని చేతులు ఆగిపోయాయి. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

"చేతులాపావేమే? నువ్వు వంచితేనే కథ!"

"మేడమ్, వంచండి మేడమ్!" అన్నాడు డ్రైవరు.

వంచింది.

"ఆ జేబు వేసుకున్నాయన చేతికి కాదు. పక్కన నడిచే ఆవిడ చేతికి. వీపు మీద జేబులో చెయ్యి పెట్టి లోపల గట్టిగా పిడికిలి బిగిస్తుంది. చూసేవాళ్లకి ఏముంది? పెళ్లాం మొగుడి నడుము మీద చెయ్యేసి షికారెళ్తోంది. ఈ వయసులో ఎంత సరసమో అనుకుంటారు. పట్టుకున్నట్టు ఎవరికీ తెలీదు. ఆయనకి కూడా, తెలిసీ తెలియనట్టు ఉండొచ్చు."

ఇది నిజంగా జరిగింది కాదు. అప్పుడు నాకు ఆ జేబు తట్టలేదు. జన్మంతా ఊళ్లోవాళ్లకి జేబులు కుట్టినదాన్ని, మొగుడి చొక్కాకి ఒక్క జేబు తట్టలేదు. ఇప్పుడు తట్టింది, కుట్టడానికి ఆయన లేరు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెప్పాను.

"మరి నడిచారా పెద్దమ్మా?" ఆ పిల్ల కూడా ముక్కు ఎగపీలుస్తోంది.

"నడిచారు."

"ఎంత దూరం?"

"నువ్వెంత వంచితే అంత దూరం."

అది కళ్లు తుడుచుకోకుండానే రెండు బొటనవేళ్లూ బిగించింది. నేను వాళ్లని నడిపించాను. రొట్టెల దుకాణం దాటారు. మంగలి షాపు దాటారు. మంగలి నమస్కారం పెట్టాడు, ఆయన కుడి చేత్తో తిరిగి పెట్టారు. మోకాల్లో నిప్పు పడింది. ఇంకొంచెం, అన్నాను. వీధి చివర సైకిలు అడ్డొచ్చింది. ఆయన తూలారు. జేబులో పిడికిలి బిగిసింది. చూసేవాళ్లకి ఆయన తూలలేదు, ఆగి సైకిలుకి దారిచ్చారంతే. అని చెప్తుండగా లోపల ఏదో పట్టు వదిలినట్టయింది. నేను పెట్టిన కేకకి పైఅంతస్తు నర్సు పరిగెత్తుకుంటూ వచ్చింది.

వచ్చేసరికి నా మడమ మంచం కింద ఉంది. డ్రైవరు పైనుంచి చూసి, మడమ కనపడట్లేదక్కా అని ఈల వేశాడు. ఆ పిల్ల కొలబద్ద పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, నా మోకాలి మీద తలానించి ఏడుస్తూ నవ్వింది. ఆ తల బరువుకి ఇంకాస్త నొప్పి పెట్టింది గానీ, తియ్యమనలేదు.

మర్నాడు సర్జను చూసి, మత్తక్కర్లేదు, ఇంటికెళ్లి మెషిన్ తొక్కుకోమన్నాడు. కోడలు చీటీలు తీసుకుంటుంటే, ఆ పిల్ల గుమ్మం దాకా వచ్చి నా కర్ర అందించింది.

"పెద్దమ్మా, ఈ ముగింపు ఇంకెవరికైనా చెప్పుకోవచ్చా?"

"చెప్పుకో. నీకున్నది ఇదొక్కటే కదా" అన్నాను. వెళ్లబోయి, మళ్లీ ఆగాను. "మంగలి షాపు దగ్గర మాత్రం తొందరపడకు. ఆయన నడక నెమ్మది."